దారి తప్పే పట్వారీ, తటస్థుడైన మేక

ఖ్యాలీదత్త పునేఠాకు నిజంగానే దారులు తెలియవా, తెలిసే తప్పేవాడా? హయాత్ సింగ్ బోహరా ఈ ప్రశ్నను టీతోపాటు కొరుక్కునే బెల్లం ముక్కలా ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుంటూ ఇన్నేళ్లు గడిపాడు. చాలా బెల్లం కరిగింది. ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

పునేఠా బాంజ్‌ఖేత్ చుట్టుపక్కల పల్లెలన్నిటికీ పట్వారీ. ఆ కొండల్లో పట్వారీ అంటే పొలాలు కొలిచేవాడే కాదు, పోలీసు కూడా ఆయనే. తెల్లదొరల కాలంలో ఎవరో పెద్దమనిషి వచ్చి, ఇక్కడ దొంగలకంటే చిరుతపులులే ఎక్కువని చూసుకుని, ఠాణాలు కట్టే ఖర్చు మిగుల్చుకుని, ఒక చేత్తో కొలత గొలుసు పట్టుకున్నవాడి రెండో చేతిలో ఒక కర్ర పెట్టి కొండ దిగిపోయాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ కర్ర చేతులు మారి మారి పునేఠా దగ్గరికొచ్చింది. ఫిర్యాదు రాసుకోవాలి, మనిషిని పట్టుకోవాలి, పట్టుకున్నవాణ్ని తహసీలుదాకా నడిపించుకెళ్లి అప్పగించాలి. మొదటి రెండు పనులూ ఆయన చక్కగా చేసేవాడు. మూడోదాని దగ్గరే చిక్కంతా. ఊరంతా గౌరవంగా పట్వారీజ్యూ అని పిలిచే ఆయనకు దారి తెలిసేది కాదు.

ఆయన కచేరీ అయిన చౌకీ దాటగానే మొదటి మలుపులో లఛమ్ సింగ్ టీ కొట్టు. పునేఠా అక్కడ ఆగి, ఉన్నిటోపీ సర్దుకుని అడిగేవాడు.

"లఛమ్, మా చౌకీకి ఎటు పోవాలయ్యా?"

"అదిగో పట్వారీజ్యూ, కనబడుతూనే ఉందిగా. రేకుల కప్పు. మీ తువ్వాలు కూడా ఆరేసుంది."

"కనబడుతోందయ్యా. కనబడటానికేం, నందాదేవి శిఖరం కూడా కనబడుతుంది. దారేదని అడుగుతున్నా."

లఛమ్ సింగ్ ఇక చేసేదేంలేక పొయ్యి మీది గిన్నె దించి, ఆయన చెయ్యి పట్టుకుని చౌకీదాకా దిగబెట్టి వచ్చేవాడు. ఈలోపల కొట్లో పాలు పొంగిపోయేవి.

విచిత్రమేమిటంటే కాగితం మీద ఆయన్ని మించినవాడు లేడు. చౌకీ గోడకు గుడ్డ మీద అంటించిన పాత పటమొకటి ఉండేది. ఏ పల్లె, ఏ వాగు, ఎవరి తాత ఏ పొలం చెక్క సాగుచేశాడు అని అడిగితే కళ్లు మూసుకుని వేలు పెట్టేవాడు. "మరి బయటికొస్తే ఏమవుతుంది మీకు?" అని ఎవరైనా అంటే, "పటంలో కొండలు ఎక్కనక్కర్లేదు కదా నాయనా. ఆయాసం వచ్చినచోట తెలివి పోతుంది" అనేవాడు.

ఎగతాళి చేస్తే మాత్రం చరిత్ర తీసేవాడు.

"హయాత్, మీ తాత ఏ జిల్లాలో పుట్టాడు?"

"అల్మోడా జిల్లా."

"మీ నాన్న పోయింది?"

"పితోరాగఢ్ జిల్లాలో."

"ఇప్పుడు నువ్వున్నది?"

"చంపావత్ జిల్లా."

"ముగ్గురూ ఉన్నది అదే ఇల్లు, అదే అరుగు. జిల్లాలే దారి తప్పి నీ ఇంటిమీదుగా తిరుగుతుంటే వాటినేమీ అనవు, పట్వారీనంటావా? అంతెందుకు, చంద్ రాజులు ఇక్కడే ఉండేవాళ్లు. ఒకనాడు రాజధాని మూట కట్టుకుని అల్మోడా వెళ్లారు. మళ్లీ వెనక్కొచ్చారా? రాలేదు. దారి దొరికుండదు."

ఒకసారి దీవాన్ సింగ్ అనేవాడు పక్కింటి రాగి బిందె ఎత్తుకుపోయి దొరికాడు. పునేఠా వాణ్ని తీసుకుని తహసీలుకు బయల్దేరాడు. ఆ పూట ఎండెక్కాక దీవాన్ సింగ్ ఒక్కడే బిందె నెత్తిన పెట్టుకుని తహసీలు మెట్లెక్కాడు. గుమాస్తా తలెత్తి, ఎవరు నువ్వన్నాడు.

"ముద్దాయినండి."

"పట్వారీ ఏడీ?"

"వెనకాల వస్తున్నారు. వాగు దగ్గరదాకా నా వెంటే ఉన్నారు. వెళ్లి వెతికి తీసుకురమ్మంటారా?"

గుమాస్తా కాసేపు ఆలోచించి, వేరే దిక్కులేక, పంపించాడు. దీవాన్ సింగ్ కొండ దిగి, పట్వారీని వెతికి పట్టుకుని, మళ్లీ తహసీలుకు తెచ్చి అప్పగించాడు. పారిపోయే వీలుండి కూడా పోలేదని మెజిస్ట్రేటు మెచ్చుకుని, మందలించి వదిలేశాడు. దీవాన్ సింగ్ ఆ తర్వాత మరే బిందె జోలికీ పోలేదు. ఎందుకురా అంటే, "మళ్లీ ఆయన్ని వెతికే ఓపిక నాకు లేదు" అన్నాడు.

ఇలాంటివన్నీ హయాత్ సింగ్ టీ కొట్లో కూర్చుని అందరితోపాటు నవ్వుకున్నవే. తన వంతు వచ్చినప్పుడు నవ్వు రాలేదు.

అది చైత్రమాసం. గోధుమ చేలకు ఆఖరి తడి. కాలవ నీటి వంతు దగ్గర హయాత్‌కూ అన్న ఉమేద్ సింగ్‌కూ మాట పెరిగింది. హయాత్ పార తిప్పాడు. కొట్టాలని తిప్పాడో, బెదిరించాలని తిప్పాడో తనకే తెలియదు, అన్న ముంజేతి ఎముక మాత్రం చిట్లింది. ఇద్దరి ఇళ్లకూ మధ్య ఒకటే గోడ. తల్లి పోయాక హయాత్‌ను పెంచింది వదిన మధులి. ఆ సాయంత్రం గోడకవతల ఆవిడ దగ్గు కూడా హయాత్‌కు వినబడింది, కాని తనను పిలిచే మాట వినబడలేదు. ఉమేద్ సింగ్ చేతికి కట్టు కట్టించుకుని, తిన్నగా చౌకీకి వెళ్లి ఫిర్యాదు చేశాడు.

"రాస్తాను" అన్నాడు పునేఠా. "కాని ఒకటి చెప్పు. తహసీలు గుమ్మం తొక్కామంటే అక్కణ్ణుంచి అది నా కేసూ కాదు, నీ కేసూ కాదు. వాయిదాలకు మీ పిల్లలు తిరుగుతారు. సరేనా?"

"సరే" అన్నాడు ఉమేద్ సింగ్. ఆయన కోపం ఇంకా వేడివేడిగానే ఉంది.

"అయితే పొద్దున్నే నువ్వూ రా. నాకు దారి తెలియదు."

అలా ముగ్గురూ బయల్దేరారు. ముందు చేతికి కట్టుతో ఉమేద్ సింగ్, మధ్యలో భుజాన పెద్ద సంచీతో పట్వారీ, వెనక ముద్దాయి. లఛమ్ సింగ్ కొట్లోంచి చూసి, "ఊరేగింపు బాగుంది, బాజాలే తక్కువ" అన్నాడు. మొదటి చీలిక దగ్గర పునేఠా ఆగిపోయాడు.

"ఎటు?"

"కిందికి" అన్నాడు హయాత్.

"నువ్వు ముద్దాయివి. నీ మాట చెల్లదు."

"కిందికే పట్వారీజ్యూ" అన్నాడు ఉమేద్ సింగ్.

"నువ్వు ఫిర్యాదీవి. వీణ్ని ఎంత తొందరగా లోపల వేయిద్దామా అని నీకుంటుంది. నీ మాటా చెల్లదు."

"ఇద్దరం ఒకటే చెబుతున్నాం కదా" అన్నాడు హయాత్.

"అదే నాకు అనుమానంగా ఉంది. నిన్న తలలు పగలగొట్టుకున్నవాళ్లు ఇవాళ ఒకే మాటమీదున్నారంటే లోపాయికారీ ఒప్పందమేదో ఉంది. తటస్థ సాక్షి కావాలి."

చుట్టూ చూశారు. మనుషులెవరూ లేరు. గట్టుమీద ఒక మేక చెట్టునుంచి రాలిన ఎర్రటి బురాంశ్ పూలు నములుతోంది. పునేఠా దానివైపు చాలాసేపు మర్యాదగా చూశాడు. మేక నమలడం ఆపి, తోక ఆడించి, పైకి వెళ్లే దారి పట్టింది.

"పైకట" అన్నాడు పునేఠా, నడక సాగించి.

అన్నదమ్ములు మొహమొహాలు చూసుకున్నారు. పార తిప్పిన తర్వాత వాళ్ల కళ్లు కలవడం అదే మొదలు. వెంటనే చూపులు తిప్పుకున్నారు.

రెండో చీలిక దగ్గర మేక మళ్లీ పైకే సాక్ష్యం చెప్పింది. మూడో చీలిక దగ్గర అది వెనక్కి వెళ్లిపోతే, గాలి ఎటు వీస్తోందో చూసి నడిచారు. దారి నిట్టనిలువు. ఉమేద్ సింగ్‌కు ఒక చెయ్యి ఆసరా లేదు. ఒకచోట కాలు జారబోతే హయాత్ చప్పున ముందుకొచ్చి నడుం పట్టుకున్నాడు. "ముద్దాయి ఫిర్యాదీని ముట్టుకోకూడదు" అన్నాడు పునేఠా, వెనక్కి తిరగకుండానే. "సరేలే, ఈ ఎక్కుడు అయ్యేదాకా పట్టుకో. పడ్డాడంటే ఇంకో కేసు రాయాలి."

గుట్ట ఎక్కాక అవతలి లోయ కనబడింది. పలకరాళ్ల కప్పులు, వాటి మీద పొగ. అది కాఫల్‌లేఖ్. అక్క బచులి అత్తవారి ఊరు. చైత్రంలో అన్నదమ్ములు పెళ్లయిన అక్కచెల్లెళ్ల ఇంటికి పిండివంటలు పట్టుకుని చూసిరావాలి. భిటౌలి అంటారు దాన్ని. ఈ నెలంతా ఏ ఊళ్లోనైనా కోడళ్ల కళ్లు దారి మీదే ఉంటాయి. నెల అయిపోవస్తోంది. కాలవ గొడవలో తామిద్దరికీ ఆ సంగతే గుర్తులేదు. హయాత్ అన్నవైపు చూశాడు. అన్న కింద ఊరివైపు చూస్తున్నాడు. ఇది తహసీలు కాదు పట్వారీజ్యూ అని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

బచులి వాకిట్లో గడ్డి మోపు దించుతోంది. చూసింది. మోపు అక్కడే వదిలేసి వచ్చింది.

"దాజ్యూ, అన్నయ్యా. ఒరే హయాతూ. ఇద్దరూ కలిసే వచ్చారే" అంది. నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది. "మా అత్త రోజూ సాధిస్తోంది, మీ వాళ్లు నిన్ను మరిచిపోయారని. అదేమిటి, పట్వారీజ్యూని కూడా తెచ్చారు? భిటౌలికి బందోబస్తా?"

"కొత్తగా వచ్చిన పద్ధతమ్మా" అన్నాడు పునేఠా గంభీరంగా.

అప్పుడు బచులి చూపు కట్టు మీద పడింది.

"చేతికేమయింది దాజ్యూ?"

హయాత్ నేలవైపు చూశాడు. పునేఠా కప్పుమీది పలకరాళ్లను పరీక్షగా చూడసాగాడు. ఉమేద్ సింగ్ ఒక్క మాటంటే చాలు, ఆ వాకిట్లోనే పుట్టిల్లు రెండు ముక్కలవుతుంది.

"జారిపడ్డాను" అన్నాడు ఉమేద్ సింగ్. "ఎండిన పైన్ ఆకుల మీద."

"ఎక్కడ జారావు?" అన్నాడు పునేఠా.

"కాలవ దగ్గర."

"అక్కడ పైన్ చెట్లు లేవే."

"ఉన్నాయి పట్వారీజ్యూ. మీకు దారులే తెలియవు, చెట్లేం తెలుస్తాయి?"

"అదీ నిజమే" అన్నాడు పునేఠా.

హయాత్‌కు ఏడుపు వచ్చింది. దాంతోపాటే నవ్వు వచ్చింది. రెండూ కలిసి దగ్గుగా బయటికొచ్చాయి. చేతుల్లో ఏమీ లేకుండా వచ్చామే అని అతను సిగ్గుపడుతుండగా పునేఠా భుజాన ఉన్న సంచీ దించాడు.

"మీ మూట మీరు మోసుకోరూ? ఇంత దూరం నా చేత మోయించారు." సంచీలోంచి నేతిలో వేయించిన పిండివంటలూ, బెల్లం ఉండలూ బయటికొచ్చాయి. చెయ్యిజాచి మూట అందుకుంటూ హయాత్ మెల్లగా అడిగాడు, ఇవన్నీ ఎక్కడివని. "మా ఆవిడ కట్టిచ్చింది. దారి తప్పేవాడికి తిండి ఎక్కువ కావాలంటుంది" అన్నాడాయన.

ఆ పూటకు అక్కడే ఉలవచారూ రాగిరొట్టెలూ తిని పడుకుని, మర్నాడు తిరుగు దారి పట్టారు. గుట్ట మీద ఉమేద్ సింగ్ నసిగాడు.

"పట్వారీజ్యూ, మరి ఆ కేసు..."

"పైన్ ఆకుల మీదా? పట్టుకుపోదామంటే మోపులకు మోపులుంటాయి. నావల్ల కాదు" అన్నాడు పునేఠా. చీలిక రాగానే ఆగాడు. "ఎటు?"

"కిందికి" అన్నారు ఇద్దరూ. ఈసారి ఆయన ఒప్పుకున్నాడు.

ఇంటికొచ్చిన రోజు గోడకవతలి నుంచి మధులి గొంతు వినబడింది. "హయాతూ, రొట్టె చల్లారిపోతోంది. బొట్టుపెట్టి పిలవాలా?"

తర్వాత చాలా ఏళ్లపాటు టీ కొట్లో ఇదే వాదన. ఆయన తప్పిన దారులన్నీ ఎవరో ఒక మేనమామ ఇంటిదగ్గరో, వియ్యంకుడి గుమ్మంలోనో, ఒట్టు వేసి అబద్ధమాడటానికి ఎవరికీ ధైర్యం చాలని గోల్జ్యూ దేవుడి గుడి మెట్ల మీదో తేలాయని హయాత్ అనేవాడు. లఛమ్ సింగ్ ఒప్పుకునేవాడు కాదు. "అంత తెలిసినవాడైతే నా పాలెందుకు పొంగించాడు? సొంత చౌకీకి దారడగడానికి ఏ కేసుందని?" ఈ ముక్క దగ్గర హయాత్ ఎప్పుడూ ఇంకో టీ పొయ్యమనేవాడు.

చివరికి ఆ కొండలకూ ఠాణా వచ్చింది. ఖాకీ బట్టలు, జీపు. పట్వారీలు ఇక పొలాలు కొలుచుకుంటే చాలన్నారు. పునేఠా చేతిలో కర్ర మిగిలింది గాని, దాంతో పనిలేకపోయింది. జీపు దారి తప్పదు. కొట్లాడుకున్నవాళ్లు ఇంకా రొప్పుతూ ఉండగానే తహసీలులో దింపేస్తుంది. వెనక సీట్లో కూర్చున్నవాడికి ఎవరి ఇంటి పొగా కనబడదు. మంచికే వచ్చిందేమో, హయాత్ కాదనడు. ఆడవాళ్ల మీద జరిగే ఘోరాలకు కర్రా, కాలినడకా చాలవని అతనికీ తెలుసు. అయినా జీపు వెళ్లినప్పుడల్లా చేతిలో గ్లాసు కింద పెట్టి ఒక్క క్షణం చూస్తాడు.

పునేఠాకు ఉద్యోగంలో ఆఖరి రోజు వచ్చింది, తహసీలుకెళ్లి బాధ్యతలు అప్పగించాలి. ఊరంతా టీ కొట్టు దగ్గర చేరింది. బురాంశ్ పూలదండ, డోలు, తహసీలుదాకా దారి చూపడానికి ముసలివాళ్లయిన అన్నదమ్ములిద్దరూ. ఎంతకీ ఆయన రాలేదు. వెళ్లి చూస్తే చౌకీకి తాళం, గోడ మీద పటం ఉన్నచోట తెల్లటి మచ్చ.

అంతలో పైనుంచి మేకలు తోలుకొచ్చిన జోహార్ సింగ్ చెప్పాడు. "పట్వారీజ్యూనా? తెల్లారుతుండగానే చూశాను. కొండగొర్రెలు దిగే ఆ నిట్టనిలువు రాతి దారిలో దిగుతున్నాడు. మేమే వెనకాముందాడతాం అక్కడ. ఆయన ఎవర్నీ అడగలేదు, కాళ్లవైపు కూడా చూడలేదు. వంటింట్లోకి పోతున్నట్టు పోయాడు."

ఉమేద్ సింగ్, "దొంగ ముసలాయన" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. హయాత్ లఛమ్ సింగ్ వైపు తిరిగాడు, ఇన్నేళ్లకు గెలిచిన మొహంతో. "ఇప్పుడేమంటావ్?"

లఛమ్ సింగ్ ఏదో అనేలోపల హయాత్ జేబులో ఫోను మోగింది. బచులి.

"ఒరే, మీ పట్వారీజ్యూ మా వాకిట్లోకొచ్చాడు. తహసీలుకు ఎటు అని అడిగాడు. పాపం, ఎక్కడి తహసీలు, ఎక్కడి కాఫల్‌లేఖ్. కూర్చోబెట్టి రొట్టె పెట్టాను. టీ తెచ్చేసరికి లేడు. వెళ్తున్నానని ఒక్క మాట చెప్పలేదు. మా మేక కూడా కనబడటం లేదు."

లఛమ్ సింగ్ హయాత్ మొహం చూసి, ఏమీ అడక్కుండానే టీ పోశాడు. దండ డోలుకు వేసేశారు.

సాయంత్రం బచులి మళ్లీ చేసింది. మేక తిరిగొచ్చిందట. ఒక్కతే.