మంచు దిగితే అరవకూడదు

మొన్న పొద్దున్నే మనవరాలు నన్ను సూళ్లూరుపేట నుంచి కారులో పులికాట్ సరస్సు దగ్గరకు తీసుకుపోయింది, చలికాలం పక్షులు దిగాయి, చూద్దువుగాని రా నానమ్మా అని. మేం పోయేసరికి నీళ్ళ మీద మంచు ఇంకా విడవలేదు. జనం ఒకరికొకరు కనబడక కేకలేసుకుంటుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకో చెప్తాను వినండి.

మా చిన్నతనంలో మార్గశిరం వచ్చిందంటే ఈ సరస్సు ఒడ్డునే ఉన్న మా పల్లె ఆడవాళ్ళకు ఇల్లు పట్టేది కాదు. తెల్లారగానే మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, వంగి, రెండు చేతులతో బురద తడుముతూ రొయ్యలు పట్టేవాళ్ళం. చేతులు పనిలో ఉంటాయి కాబట్టి తాటాకు బుట్టను పళ్ళతో కరిచిపట్టుకోవాలి, నోరు తెరిస్తే పట్టినవన్నీ నీళ్ళపాలే. మా ఇంటి ఆడవాళ్ళు నోరు మూసుకునే వేళ అదొక్కటేనని మా నాయన నవ్వేవాడు. మొదట కాళ్ళు కొంకర్లు పోయేవి, కాసేపటికి నీళ్ళే వెచ్చగా అనిపించేవి, ఇక వీపు మీద లేత ఎండ పడిందంటే ఆ సుఖం దుప్పట్లో ముడుచుకున్న వాళ్ళకేం తెలుస్తుంది!

ఒక పొద్దున ఉన్నట్టుండి మంచు దిగింది. అందరం గట్టెక్కాం, మా అక్క రాలేదు. రొయ్యలు బాగా దొరుకుతున్నాయని అందరికంటే దూరం పోయింది. ఆ పక్కనే పడవలు నడిచే కాలవ, అడుగున ఊబి, కాలు దిగితే ఈత వచ్చినవాళ్ళు కూడా పైకి రాలేరు. అమ్మ గొంతెత్తి అక్కను పిలవబోతే మా మేనత్త వెనకనుంచి వచ్చి అమ్మ నోరు గట్టిగా మూసేసింది.

"అరవబాక వదినా! మంచులో గొంతు యాణ్ణించి వస్తాందో తెలవదు, నీ కేక పట్టుకోని అది కాలవలోకి పోతాది. పిట్టల్ని అరవనీ, అది వింటాది."

ఆ పొడుగుకాళ్ళ పక్షులు మేతకోసం తక్కువ లోతులోనే నిలబడతాయి, వాటి గోల వినబడే దిక్కుకు నడిస్తే మనిషి మునగడు. ఇది మావాళ్ళందరికీ తెలిసిందే, కానీ తెలియడం వేరు, కన్నకూతురు నీళ్ళలో ఉండగా పిలవకుండా ఉండడం వేరు. సంగతి తెలిసి ఊరంతా గట్టు మీదికి చేరింది. తల్లులు చంటిపిల్లలకు రొమ్మిచ్చి ఊరుకోబెట్టారు. దగ్గు ఆగని ముసలాయన ఒకాయన కండువా నోట్లో కుక్కుకున్నాడు. నేను అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డాను. దూరంగా పక్షుల గోల తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టుంది.

పొద్దెక్కి మంచు పలచబడితే, పక్షుల నడుమ నీళ్ళలో నిలబడి ఉంది మా అక్క. మెల్లగా గట్టుకొచ్చి, బుట్ట దించి, అమ్మ ముఖంలోకి చూసింది.

"నువ్వు యాడ పిలిచేస్తావో అనే బయపడ్నానుమా."

అమ్మ దాని వీపు మీద ఒక్కటేసి, అప్పుడు ఏడ్చింది, గట్టంతా వినబడేటట్టు.

అమ్మా పోయింది, మేనత్తా పోయింది. ఇప్పుడు ఇంట్లో ఎవరికైనా రవ్వంత ఆలస్యమైతే ఎక్కడున్నావు, ఎక్కడున్నావు అని అందరం ఒకేసారి ఫోన్లు చేస్తాం. అదీ ప్రేమే, కాదనను. కానీ ఒక ఆడపిల్ల తన దారి తాను వెతుక్కొస్తుందని నమ్మి, ఆ పిల్ల కోసం ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టి నిలబడడం మాత్రం నేను మళ్ళీ చూడలేదు.