మూడో రకం పెండ్లిపత్రిక

జమ్మలమడుగు బడిలో నాతోపాటు లెక్కలు చెప్పిన అయ్యవారు ఏ మాట మొదలుపెట్టినా కుడిచేయి గుండెల మీద పెట్టుకునేవాడు. "నాకు లోపలొకటి, బయటొకటి లేదప్పా" అనేవాడు. రెండు పార్టీలవాళ్లు నాటుబాంబులతో మాట్లాడుకునే రోజులవి. పొద్దున ఒక నాయకుడి వరండాలో, సాయంత్రం ఇంకో నాయకుడి వరండాలో ఆ చేయి గుండెల మీదికి పోతానే ఉండేది.

కూతురి పెండ్లికి ఆయన రెండు రకాల పత్రికలు కొట్టించాడు. ఒకదాని పైన ఒక నాయకుడి ఫోటో, రెండోదాని పైన ఆ నాయకుడి పగవాడి ఫోటో. ఏ పార్టీ ఇంటికి ఆ పార్టీ పత్రిక.

"రెండూ ఒక్కచోట పడితే నీ గతేంది మామా?" అన్నాను.

ఈసారి ఆయన చేయి సంచిలోకి పోయింది. మూడో రకం పత్రిక తీసిచ్చాడు. దాని మీద ఏ నాయకుడూ లేడు. "నీకు ఇదిలే అప్పా" అన్నాడు.

నా కండ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతమందిలో నన్నొక్కణ్నే స్నేహితుడనుకున్నాడని చెప్పి చెప్పి మా ఇంటామెను విసిగించాను.

పెండ్లయినాక ప్రొద్దుటూరులో ఆ పత్రికలు అచ్చేసినాయన కనబడితే, నాకిచ్చిన మూడో రకం పత్రిక సంగతి గొప్పగా ఎత్తాను.

"అవా సార్! యాభై ఏయమన్యాడు. మనం భయపడే పనిలేనోళ్లు శానామంది ఉండారు, వాళ్లకిస్తానన్యాడు."

ఆ పత్రిక ఇంకా నా బీరువాలోనే ఉంది. గుండెల మీద చేయి పెట్టుకోకుండా ఆయన నాకు చెప్పిన నిజం అదొక్కటే.