చిన్న కోడలి గిటారుకు కొత్త గొంతు

ఆ ఇంట్లో ఆమెను అందరూ చిన్న కోడలనే అంటారు. పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తుంది కాబట్టి వీధిలో వాళ్ళకు నర్సమ్మ. పగలంతా జనం చేత నోళ్ళు తెరిపించి, సాయంత్రం ఇంటికొచ్చి గిటారు పట్టుకుంటుంది. చిన్నప్పుడు అన్నయ్య దగ్గర నేర్చుకుంది. పెళ్ళయ్యాక గిటారు అటకెక్కుతుందనుకున్నారు చుట్టాలు. అటకెక్కలేదు సరికదా, తోడికోడలిని కూడా ముగ్గులోకి దింపింది.

పెద్ద కోడలు బడి బస్సు నడుపుతుంది. స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేయడం ఆవిడకు అలవాటు. ఆ చేతులకు రెండు పుల్లలిచ్చి డ్రమ్ముల ముందు కూర్చోబెడితే ఇక లేస్తే ఒట్టు. పాడేది ఆడపడుచు. ఆ అమ్మాయి టైలరు. కుట్టు మిషను మోతను దాటి పాడీ పాడీ గొంతు గట్టిపడిపోయింది. వదినలూ ఆడపడుచూ ఒక్క మాట మీద నడవడం చూసి వీధంతా ముక్కున వేలేసుకుంది.

ఇంటి మగవాళ్ళు నడిపే లాండ్రీ షాపు వెనక గదిలో, సెలవు రోజున వీళ్ళ సాధన. చుట్టూ కొక్కేలకు వేలాడే కోట్లు, చీటీలు కట్టిన దుప్పట్లు, మూలన ఆవిరి ఇస్త్రీ యంత్రం. దాని పక్క కుర్చీలో అత్తగారు. ఆవిడకు చెవులు మందగించి చాలా కాలమైంది. చెవి మిషను ఉంది గానీ డ్రమ్ములు మొదలుకాగానే అది కీచుమంటుంది. తీసి డబ్బాలో పెట్టేసి, కూతురి పెదవులు చూస్తూ తల ఊపుతుంది. పాటయ్యాక "బాగుందమ్మా" అంటుంది. ఒక్కోసారి పాట అవకుండానే అనేస్తుంది.

ఒకనాడు పాట మధ్యలో చిన్న కోడలి పాత యాంప్లిఫయరు గుర్రుమంది, ఠప్పుమంది, కాలిన రబ్బరు వాసన కొట్టి మూగబోయింది.

"బాగుందమ్మా" అంది అత్తగారు.

ముగ్గురూ పొట్ట పట్టుకుని నవ్వారు గానీ, నవ్వు ఆగాక అసలు సంగతి గుర్తొచ్చింది. వచ్చే నెల చిన్న కోడలు పని చేసే ఆస్పత్రి సిబ్బంది సభలో వాయిస్తామని మాటిచ్చి ఉన్నారు. యాంపు లేకపోతే ఎలక్ట్రిక్ గిటారు గుసగుసలు తప్ప ఏమీ చెప్పదు.

మర్నాడే ముగ్గురూ వాయిద్యాల షాపుకు వెళ్ళారు. షాపాయన మాటకారి. ముందు ట్యూబు యాంపు పెట్టాడు. పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులే దీంట్లోనూ ఉంటాయి. అవి వేడెక్కి వెనకాల నారింజ రంగులో వెలిగాక చిన్న కోడలు తీగ మీటింది. మెల్లగా మీటితే స్వరం తేటగా వచ్చింది. గట్టిగా మీటితే ఏడుపొచ్చే ముందు గొంతు జీరబోయినట్టు తియ్యగా పగిలింది. ఆమె మళ్ళీ మళ్ళీ అదే తీగ మీటింది.

పెద్ద కోడలు దాన్ని ఒక పక్క ఎత్తి చూసి దించేసింది. "ఇది యాంపా, బీరువానా?"

"బరువేనమ్మా. వాల్వులు అరిగితే మార్చాలి కూడా. పైగా సౌండు కాస్త పెంచితేగానీ దాని సొగసు బయటికి రాదు" అని ఉన్నమాట చెప్పాడు షాపాయన.

రెండోది సాలిడ్ స్టేట్. వాల్వుల బదులు ట్రాన్సిస్టర్లు. మీట నొక్కగానే పలికింది, మాట సూటిగా, శుభ్రంగా. మరీ పెంచితే మాత్రం రేకు మీద మేకు గీసినట్టుంది. "నాకిదే నచ్చింది. తాళం తిప్పగానే బండి కదలాలి" అంది పెద్ద కోడలు.

మూడోది మోడలింగు యాంపు. చేతిసంచంత ఉంది. లోపల చిన్న కంప్యూటరు. మర ఒకలా తిప్పితే ట్యూబు యాంపులా పలుకుతుంది, ఇంకోలా తిప్పితే పెద్ద హాల్లో వాయించినట్టుంటుంది. హెడ్‌ఫోన్లు కూడా తగిలించుకోవచ్చు.

"అంటే మిమిక్రీ చేస్తుందన్నమాట" అంది చిన్న కోడలు.

"మిమిక్రీ అయితేనేం వదినా, అన్ని గొంతులూ ఒక్కదాంట్లోనే!" ఆడపడుచు అప్పుడే దాన్ని చంకన పెట్టేసుకుంది.

ముగ్గురివీ మూడు దారులు కావడం చూసి షాపాయన నవ్వాడు. "మూడూ పట్టుకెళ్ళి మీ గదిలో వాయించి చూడండి. షాపులో అన్నీ బాగానే వినిపిస్తాయి."

సెలవు రోజు రాగానే పరీక్ష మొదలైంది. ట్యూబు యాంపు సౌండు పెంచగానే కొక్కేలన్నీ గలగలమన్నాయి. పక్క వాటాలో పిల్లల్ని చూసుకునే కేంద్రం ఉంది. అక్కడి ఆయా పరుగున వచ్చి, "తల్లీ, ఇప్పుడే నిద్రపుచ్చాను, పుణ్యముంటుంది" అని చేతులు జోడించింది. సౌండు తగ్గిస్తే అదే యాంపు ముసుగుతన్ని మాట్లాడినట్టయింది. చిన్న కోడలి మొహం చిన్నబోయింది.

తర్వాత మోడలింగుది. షాపులో అంత గొప్పగా మోగిన హాలు సౌండు డ్రమ్ములు అందుకోగానే ఎటుపోయిందో పోయింది.

"అక్కా, నేను వాయిస్తున్నట్టు వినిపిస్తోందా?"

"చేతులైతే కదులుతున్నాయి" అంది పెద్ద కోడలు జాలిగా.

చివరికి సాలిడ్ స్టేట్. డ్రమ్ములున్నా పాట ఉన్నా గిటారు తన మాట తాను చెప్పింది. పెద్ద కోడలు గెలిచిన మొహంతో పుల్లలు తిప్పింది. సరే, ఇదే ఖాయం చేద్దామనుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం చిన్న కోడలికి డ్యూటీ లేదు. తిరిగిచ్చేసే ముందు ఒకసారి అనుకుని, మోడలింగు యాంపుకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని వెనక గదిలో కూర్చుంది. మడతబెట్టిన తువ్వాళ్ళతో అత్తగారు వచ్చింది. కోడలు కళ్ళు మూసుకుని వాయిస్తోంది, గదిలో చప్పుడు మాత్రం లేదు.

"ఏంటే, నీకూ మిషను పెట్టారా?" అంది.

చిన్న కోడలికి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏదో తట్టినట్టు లేచింది. అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, చెవి మిషను తీసి, హెడ్‌ఫోన్లు పెట్టింది. ఆవిడ మొహం మీదే కళ్ళుంచి, సౌండు కొద్దికొద్దిగా పెంచుతూ ఒక్కో తీగా మీటింది.

మొదట అత్తగారి కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత నోరు కాస్త తెరుచుకుంది. తువ్వాళ్ళు ఒళ్ళోంచి జారిపోయినా చూసుకోలేదు.

"నువ్వు వాయించేది ఇదా?"

కోడలు తలూపింది.

"ఇన్నాళ్ళూ ఇదే వాయిస్తున్నావా?"

"ఇదే అత్తయ్యా."

"నేను పెద్దదాని డ్రమ్ముల అదురే పాటనుకున్నానే" అని, కళ్ళు తుడుచుకుంటూ, "మళ్ళీ వాయించు" అంది. ఆ మధ్యాహ్నం కోడలికి వచ్చిన పాటలన్నీ అయిపోయాయి. వేళ్ళు మంటపుట్టినా చిన్న కోడలు ఆపలేదు.

ఇక ఏది కొనాలో ఆమెకు వేరే ఆలోచనే లేకపోయింది. డ్రమ్ముల కింద నలిగిపోయే ఆ గొంతును ఏం చేయాలన్నదే మిగిలింది. షాపాయనకు ఫోను చేసింది.

"ఆ హాలు మోతలన్నీ తీసేయండమ్మా, అవి ఒంటరిగా వాయించుకునేవాళ్ళకి. బేసు, అంటే లావు మోత, తగ్గించి, మిడిల్, అంటే నడిమి స్వరం, పెంచండి. అన్ని గొంతులూ వద్దు, ఒక్కటి పట్టుకోండి" అన్నాడాయన.

ఆమె కూర్చుని ఒక్కో హంగూ విప్పేసింది. తర్వాతి సాధనలో పెద్ద కోడలు డ్రమ్ములు మధ్యలో ఆపి, "అరె, వినిపిస్తున్నావే!" అంది. సాలిడ్ స్టేట్ పోతోందని కాసేపు మొహం ముడుచుకుంది గానీ, అత్తగారి సంగతి విన్నాక తనే దాన్ని డబ్బాలో సర్దింది. ట్యూబు యాంపును తిరిగిచ్చేటప్పుడు చిన్న కోడలు దాన్ని ఒకసారి నిమిరింది. పుట్టింటి గుమ్మం దిగుతున్నట్టు అనిపించిందామెకు.

ఆస్పత్రి సభలో పాటలు పండాయి. పళ్ళ డాక్టరు గారు చివరి వరుసలో లేచి నిలబడి ఈల వేశారు. ముందు వరుసలో కూర్చున్న అత్తగారు ఈసారి కూతురి పెదవులు చూడలేదు, చిన్న కోడలి వేళ్ళు చూసింది.

ఆ తర్వాత చిన్న కోడలి మధ్యాహ్నాలు ఆమె చేతిలో లేవు. డ్యూటీ లేని రోజున భోజనం కాగానే అత్తగారు హెడ్‌ఫోన్లతో సిద్ధం. వినబడ్డం మొదలయ్యాక మెచ్చుకోలు తగ్గి వంకలు పెరిగాయి. "నిన్న ఇక్కడ తడబడ్డావు, మళ్ళీ తడబడ్డావు" అంటుంది. ఈమధ్య తన పడుచునాటి పాట ఒకటి నేర్చుకోమని పట్టుబట్టింది. ఆ పాట ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. ఆవిడ కూనిరాగం తీస్తే ఒకసారి వచ్చిన వరస మరోసారి రాదు. చిన్న కోడలు వెతుక్కుంటూ మీటుతుంది, ఆవిడ కళ్ళు మూసుకుని వింటూ "అది కాదు... అదీ కాదు..." అంటుంది. మొన్న ఒకచోట మాత్రం కోడలి మోచెయ్యి గట్టిగా పట్టుకుని, "ఆఁ, అదే! అక్కణ్ణుంచి పైకెళ్ళు" అంది.