రెండక్షరాల దూరం

నీటి సరఫరా ఆఫీసులో కంప్యూటరు ప్రోగ్రాం రాసే ఆవిడకు కత్తెరమ్మ అని పేరు పడిపోయింది. రాసిన ఫిర్యాదునే మళ్లీ మళ్లీ రాసే మహానుభావులు ఊరినిండా ఉన్నారు కదా, వాళ్ల కాగితాలను ఆవిడ ప్రోగ్రాం చకచకా ఏరేస్తుంది. ఒక ఫిర్యాదు ఇంకో ఫిర్యాదు కావాలంటే ఎన్ని అక్షరాలు మార్చాలో లెక్కపెట్టి, నూటికి తొంభై పాళ్లు కలిస్తే పాతదేనని మూసేస్తుంది.

ఆ సోమవారం పది గంటలకు పెద్దసారు ప్రోగ్రాం చూస్తానన్నాడు. నచ్చితే ఉద్యోగం పర్మనెంటు, లేదంటే నెలాఖరుకు ఇంటికే. తొమ్మిదిన్నరకు, ముప్పయ్యేళ్లుగా ఫిర్యాదులు చదువుతున్న గుమాస్తా బాబాయి టీ గ్లాసుతో వచ్చి తెరలోకి తొంగిచూశాడు.

"ఈ దర్జీ కాగితం మూసేసిందేంటమ్మాయ్?"

"వారం వారం అదే రాస్తాడు బాబాయ్. తొంభై ఏడు పాళ్లు ఒకటే."

"పాత ఉత్తరం ఎదురుగా పెట్టుకుని రాస్తాడులే, కొత్తగా రాయడానికి బద్ధకం. ఓసారి చదువు."

చదివింది. ఇన్నాళ్లూ 'మా కుళాయికి నీళ్లు రావడం లేదు' అని ఉండేది. శుక్రవారం నాటి కాగితంలో 'మా కుళాయికి నీళ్లు ఆగడం లేదు' అని ఉంది. రెండంటే రెండక్షరాల తేడా. వెంటనే కుళాయిల మేస్త్రీకి ఫోన్ చేసి దర్జీ ఇంటికి పరుగెత్తించింది.

"సారుకిది చూపించకు, తర్వాత సరిచేసుకోవచ్చు," అన్నాడు బాబాయి, పాపం, ఆవిడ మీద ప్రేమకొద్దీ.

నోరు మూసుకుంటే ఉద్యోగం ఖాయం. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. అయినా సిగ్గు ఊరుకోనివ్వలేదు. పెద్దసారు కూర్చోగానే ముందు ఆ రెండు ఉత్తరాలే పక్కపక్కన పెట్టి చూపించింది.

ఆయన చదివి గడ్డం గోక్కున్నాడు. "ఒక్కటే కదా. మిగతావి సరిగానే మూసిందిగా?"

"తెలీదు సార్. మిగతావి నేను చదవలేదు."

"ఎన్నున్నాయి?"

"రెండువేల నాలుగొందలు."

"అయితే చదివి, మూడు నెలలయ్యాక రండి. పర్మనెంటు మాట అప్పుడు చూద్దాం," అని లేచాడాయన. పోన్లే, కనీసం ఇంటికి పొమ్మనలేదు.

సాయంత్రం ఆవిడ దర్జీ ఇంటికి వెళ్లింది. కుళాయి కట్టేశారు గానీ నేలంతా తడి. కుట్టిన స్కూలు యూనిఫారాలు నలభై, ముద్దముద్దగా బకెట్లలో ఉన్నాయి. దర్జీ ఒక్కో చొక్కా పిండుతున్నాడు.

"పోన్లే తల్లీ, మీరైనా చదివారు," అన్నాడు.

"చదివింది నేను కాదండీ. చదవకుండా మూసేసింది నేను," అంది కత్తెరమ్మ.

దర్జీ పిండుతున్న చొక్కా రెండో కొస ఆవిడ చేతికిచ్చాడు.