బ్యాచిలర్ల నీళ్ల సగటు

ఆ వేసవిలో తెల్లాపూర్‌లోని మా గేటెడ్ కమ్యూనిటీలో బోర్లు ఎండిపోయాయి. ట్యాంకర్లు వచ్చాయి. వాటి వెనకే, నీళ్లన్నీ ఎవరు తాగేస్తున్నారన్న ప్రశ్నా వచ్చింది. అసోసియేషన్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: బ్యాచిలర్లు.

మీటర్ల ప్రకారం బ్యాచిలర్ ఫ్లాట్లు, కుటుంబాల ఫ్లాట్ల కంటే సగటున రోజుకు నలభై లీటర్లు ఎక్కువ వాడుతున్నాయట. ఆదివారం మీటింగులో తీర్మానం చేసి మమ్మల్ని ఖాళీ చేయిస్తారట. రాయదుర్గంలో నేను చేసేది డేటా అనలిస్టు ఉద్యోగం కాబట్టి, మా ఫ్లాట్ తరఫు వకీలు నేనే అయ్యాను.

"జర మంచిగ లెక్క జెయ్ రా," అన్నాడు మా వరంగల్ రూమ్మేట్. "ఇది పోతే మనకు కిరాయికి ఎవడిస్తడు?"

"లెక్కెందుకు? నువ్వు స్నానం చేయవని చెబితే సరిపోదూ?"

"చెప్పు. ఇజ్జత్ పోతే పోనీ, ఇల్లుంటది."

రీడింగులన్నీ అడిగి తీసుకున్నాను. కుటుంబాల ఫ్లాట్లు బోలెడు, మావి ఆరే. ఆ ఆరింటిలో ఒకచోట ఫ్లష్ రోజంతా కారుతుంది. ఇంకోచోట వాళ్లు మంచినీళ్లు సైతం ఆఫీసులోనే తాగి వస్తారు. ఈ రెండిళ్లనూ కలిపి సగటు తీస్తే వచ్చే బ్యాచిలర్ ఎవడో, అతన్ని నేనెప్పుడూ చూడలేదు.

మీటింగులో లేచి చెప్పాను. "నలభై అనేది అంచనా మాత్రమే అంకుల్. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే అసలు తేడా ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో ఆ హద్దులు కడితే, మేం యాభై లీటర్లు తక్కువే వాడుతుండొచ్చు, నూట ముప్పై ఎక్కువైనా వాడుతుండొచ్చు. సున్నా కూడా ఆ మధ్యలోనే ఉంది."

"అంటే తేడా లేనట్టే!" రూమ్మేట్ చప్పట్లు కొట్టాడు.

"లేదని కాదు. ఉందో లేదో ఇంత తక్కువ రీడింగులతో తేలదు."

ఇంటి తాళాలు నేనే అప్పజెప్పినట్టు చూశాడు వాడు.

అధ్యక్షుడు, కాకినాడ నుంచి వచ్చి స్థిరపడ్డ రిటైర్డ్ ఇంజినీరు, కళ్లజోడు సర్దుకున్నారు. "మరి తేలాలంటే ఏం చేయాలి బాబూ?"

"ఆరు ఫ్లాట్లు చాలవండీ. ఇంకొన్ని బ్యాచిలర్ ఫ్లాట్లు కావాలి."



"అంటే ఏమిటండీ," అంది వెనక వరసలోంచి ఒక ఆంటీ, "వీళ్లను పంపించడానికి ఇంకా బ్యాచిలర్లను తెచ్చుకోవాలా?"

"అబ్బే, వద్దండీ," అన్నారాయన కంగారుగా. "ఉన్నవాళ్లనే ఉండనిద్దాం."

బయటికొచ్చాక రూమ్మేట్ అడిగాడు, "గా ఇంటర్వెల్ నాకు సమజ్ గాలే. ఇల్లున్నదా?"

"ఉంది."

"గంతే చాలు. ఇగ నడువ్, ఆకలైతుంది."