తలకిందుల బొమ్మ

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నరసరావుపేటలో మా కళ్ల డాక్టరు గారు పోయారని శుక్రవారం తెలిసింది. ఆయనకు పొగడ్త గిట్టదు. "నన్ను దేవుడంటే నీ కన్ను బాగుపడదయ్యా, చుక్కలేసుకుంటే పడుద్ది" అనేవారు. కానీ ఈ అక్షరాలు నాకు కనబడుతున్నది ఆయన వల్లే.

ఎనభైల్లో దాచేపల్లిలో లారీలకు బాడీలు కట్టేవాణ్ణి. కుడికన్ను ఎర్రబడి మసకేసింది. వెల్డింగు దెబ్బేనని తేల్చేశాను. చదివింది ఐదో తరగతే గానీ, పొట్లాం కాగితాలు కూడా వదలకుండా చదివేవాణ్ణి. తేల్చడానికి అది చాలనుకునేవాణ్ణి.

ఆయన నన్ను చీకటి గదిలో బల్లమీద పడుకోబెట్టారు. నుదుటికి లైటు, ఒక చేతిలో భూతద్దం. నా గుండెల మీద కాగితం తలకిందులుగా పెట్టి, రంగు పెన్సిళ్లతో గీయసాగారు.

"తిరగేశారేందండీ?"

"అద్దంలో నీ కన్ను తిరగబడే కనబడుద్ది. కాగితం కూడా తిప్పితే లెక్క సరిపోద్ది. కదలబాక."

కంటి లోపలి అంచుల్లో తెల్లమచ్చలున్నాయట. ఆయన చెయ్యి ఆగింది.

"ఈ మధ్య ఒంటిమీద పొక్కులేమైనా లేచినయ్యా?"

"లేదండీ."

అబద్ధం. నడుముకు సర్పి లేస్తే, మా ఊరి కుమ్మరి తాతతో ఎర్రమట్టి పూయించుకుని, సింహాన్ని చూస్తే సర్పి పారిపోద్దని దానితోనే సింహం బొమ్మ వేయించుకున్నాను. కానీ ఇందాకే, కంట్లో ఆకుపసరు పోసుకొచ్చిన రొంపిచెర్ల రైతును ఆయన వీధికి వినబడేలా తిట్టారు. అందుకే దాచాను.

తోడొచ్చి బల్ల పక్కనే నిలబడ్డ మా ఆవిడ ఊరుకుంటుందా! "ఏందయ్యా ఆ అబద్ధం? నడుముకు సింహముందిగా, చూపించు!"

ఆయన నా చొక్కా ఎత్తారు. తిట్లకు సిద్ధపడి కళ్లు మూసుకున్నాను.

"నా బొమ్మకన్నా బాగుంది. తోకే కాస్త పొట్టి." వెంటనే గొంతు మారింది. "ఆ సర్పి వైరసే కంటి వెనక పొరకు చేరింది. వెల్డింగు దెబ్బ కాదు. రెండో కంటికీ పాకొచ్చు. నువ్వు దాస్తే ఎట్టయ్యా నాకు తెలిసేది?"

మద్రాసు నుంచి మందు తెప్పించారు. కుడికన్ను దక్కలేదు. ఎడమకన్ను నిలిచింది.

"రోజూ పొద్దున్నే కుడికన్ను మూసి గోడ క్యాలెండరు చదువు. అంకె మసకేస్తే కాఫీ కూడా తాగకుండా బస్సెక్కు."

"పోయిన కన్ను మూయడమెందుకండీ?"

"మూయకపోతే దానిమీద ఆశ పోదు నీకు."

తర్వాత ఎన్నేళ్లయినా, బజార్లో ఎదురుపడితే కులాసా ప్రశ్నల్లేవు. "ఇవాళ తిథేందయ్యా?" అనేవారు. చెప్పగానే తలూపి వెళ్లిపోయేవారు.

శనివారం వాళ్లింటికి వెళ్లాను. హాల్లో క్యాలెండరుంది. కుడికన్ను మూసి చదివాను. మసకేయలేదు. "నవమి" అన్నాను పైకే. చెప్పులేసుకుని బస్టాండుకు నడిచాను.