తల ఊపిన పిడికెడంత గుడ్లగూబ

మా ఆడబిడ్డ కూతురికి నేను రోజూ చదివి వినిపించే మాయాలోకం కథలో పిడికిలంత గుడ్లగూబ ఒకటి ఉంది. మనసులో కోరిక చెప్పుకుంటే, తీరేదైతే అది మూడుసార్లు తల ఊపుతుంది.

ఈ రోజు సాయంత్రం ఆరేసిన బట్టలు తీయడానికి మేడ మీదికి వెళ్తే, అచ్చం అలాంటిదే నీళ్ల ట్యాంకు మీద కూర్చుని నన్నే చూస్తోంది. ఇక్కడ నాందేడ్‌లో దాన్ని పింగళా అంటారు. చుట్టూ ఎవరూ లేరు కదా అని మెల్లగా అడిగేశాను.

"ఏడో తరగతితోని బడి మానేసిన. పదో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాస్త అంటే మా అత్తమ్మ ఒప్పుకుంటదా?"

అది కిందికీ పైకీ మూడుసార్లు తల ఊపింది. నా ఆనందం చూడాలి!

"భయమైతే అది గట్లనే ఊపుతది బిడ్డా," అని వెనక నుంచి అత్తమ్మ గొంతు. "నువ్వు గూడ గంతే గద. పెండ్లయి రెండేండ్లాయె, ఏది అడిగినా తలనే ఊపుతవ్. పిట్టను అడిగినవ్, నన్ను అడగరాదా?"

నేను తల ఊపాను. ఆమె నవ్వు ఆపుకుంటూ అలాగే నిలబడింది. ధైర్యమంతా కూడగట్టుకుని నోరు తెరిస్తే వచ్చిన మాట, "చాయ్ పెట్టాలా అత్తమ్మా?"

"పెట్టు. తాగినంక అసలుది అడుగు."

చాయ్ తాగి గంటయింది. ఖాళీ కప్పు పట్టుకుని ఆమె ఇంకా ముందు గదిలోనే కూర్చుని ఉంది. నేను వంటింట్లో నిలబడి ఈ పోస్టు రాస్తున్నాను. మీరైతే మొదటి మాట ఏమని అంటారు? కాస్త తొందరగా చెప్పండి.